విదేశీ కంపెనీతో కాంట్రాక్టా? చివరి పేజీతో మొదలుపెట్టండి

వేరే దేశపు కంపెనీతో కాంట్రాక్టు అనగానే అందరి దృష్టీ ధర మీదే ఉంటుంది. ధర, పరిమాణం, డెలివరీ తేదీ తేలాక, వివాదం వస్తే ఏం చేయాలనే పేజీని ఏదో పాత ఫైల్లోంచి తెచ్చి అతికించేస్తారు, అదీ సంతకాల ముందురోజు రాత్రి, రెండు వైపుల వాళ్లూ అలసిపోయి ఇక అయిపోతే చాలనుకునే సమయంలో. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను ఆ పేజీతోనే మొదలుపెట్టమని చెప్తాను. రేపు వాళ్లు డబ్బు ఎగ్గొడితే, లేదా సరుకే పంపకపోతే, ఏ గడప ఎక్కాలి? అక్కడ గెలిచి తెచ్చుకున్న కాగితం వాళ్ల ఆస్తులున్న దేశంలో చెల్లుతుందా? ధర గురించి నోరు విప్పేముందే దీనికి జవాబు తెలిసి ఉండాలి. అడ్వాన్సు ఎంత అడగాలి, సరుకు అరువు మీద ఇవ్వొచ్చా, బ్యాంకు గ్యారంటీ కావాలా అన్నవన్నీ ఆ జవాబును బట్టే మారతాయి.

'మా దేశం కోర్టులోనే తేల్చుకుందాం' అని రాయించుకుంటే గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ ఒక దేశపు కోర్టు తీర్పు ఇంకో దేశంలో దానంతట అదే అమలు కాదు, అక్కడి చట్టం ఒప్పుకోవాలి లేదా ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. ఆర్బిట్రేషన్, అంటే కోర్టుకు బదులు రెండు పార్టీలూ ఒప్పుకున్న మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తీర్పు చెప్పే పద్ధతి, దాని సంగతి వేరు. ఆ తీర్పునే అవార్డు అంటారు. ఆ అవార్డుల అమలు కోసం కుదిరిన 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో 170కి పైగా దేశాలు ఉన్నాయి. ఒక సభ్యదేశంలో వచ్చిన అవార్డును మిగతా సభ్యదేశాల కోర్టులు అమలు చేయాలి, కాదనాలంటే ఐదో ఆర్టికల్‌లో ఉన్న కొద్దిపాటి కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. అంతేగానీ కేసును మళ్లీ మొదటి నుంచి విచారించడం కుదరదు. సరిహద్దు దాటే కాంట్రాక్టుల్లో ఎక్కువమంది ఆర్బిట్రేషన్ వైపు మొగ్గేది ఇందుకే.

ఆ క్లాజును సొంతంగా రాయాలని చూడకండి. ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి), ఎస్ఐఏసీ (సింగపూర్), ఎల్‌సీఐఏ (లండన్) లాంటి ఆర్బిట్రేషన్ నడిపే సంస్థలన్నీ తమ మోడల్ క్లాజును ఉచితంగా పెట్టాయి, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఖాళీలు నింపండి: సీట్ ఏ నగరం, ఆర్బిట్రేటర్ ఒకరా ముగ్గురా, విచారణ ఏ భాషలో. సీట్ అంటే విచారణ జరిగే గది ఉన్న చోటు కాదు. ఆ ఆర్బిట్రేషన్‌ను పర్యవేక్షించేది ఏ దేశపు కోర్టులో, అవార్డును రద్దు చేయమని అడగాలంటే ఎక్కడ అడగాలో తేల్చేది సీటే. విచారణ వీడియోలో జరిగినా సీట్ మారదు. చిన్న కాంట్రాక్టుకు ముగ్గురు ఆర్బిట్రేటర్లను పెడితే రాబట్టాల్సిన మొత్తం కంటే ఖర్చే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి ఒక్కరు చాలు. ఇంకొకటి, ఆర్బిట్రేషన్ ఒప్పందానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో కూడా ఒక వాక్యం రాసేయండి. మెయిన్ కాంట్రాక్టు చట్టమా, సీట్ ఉన్న దేశపు చట్టమా అన్న ఈ ఒక్క ప్రశ్న మీద 2020లో ఎన్కా, చబ్ మధ్య కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత అక్కడ 2025 చట్టం తెచ్చి, పార్టీలు విడిగా ఏమీ రాసుకోకపోతే సీట్ ఉన్నచోటి చట్టమే అని తేల్చారు. ముందే ఒక వాక్యం రాసుకుంటే తీరే గొడవ అది.

కాంట్రాక్టుకు వర్తించే చట్టం ఎంచుకునేటప్పుడు చాలామందికి తెలియకుండా జరిగేది ఒకటుంది. అంతర్జాతీయ సరుకుల అమ్మకం మీద 1980లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని అందరూ సీఐఎస్‌జీ అంటారు. అమెరికా, చైనా, జర్మనీ సహా 90కి పైగా దేశాలు అందులో ఉన్నాయి, బ్రిటన్ మాత్రం లేదు. సరుకుల అమ్మకానికి 'జర్మనీ చట్టం వర్తిస్తుంది' అని రాసి ఊరుకుంటే, జర్మనీ చట్టంలో భాగంగా సీఐఎస్‌జీ కూడా లోపలికి వచ్చేస్తుంది. వద్దనుకుంటే ఆరో ఆర్టికల్ ప్రకారం తీసేయొచ్చు, కానీ సీఐఎస్‌జీ వర్తించదని స్పష్టంగా రాయాలి. అలాగని అందరూ గుడ్డిగా తీసేయడం కూడా నాకు నచ్చదు, ఎవరి సొంత చట్టానికీ ఇంకొకరు ఒప్పుకోనప్పుడు అది మంచి మధ్యేమార్గం. ఉంచుకుంటే మాత్రం అందులోని గడువులు చదవండి. సరుకులో లోపం కనిపిస్తే కొన్నవాళ్లు సహేతుకమైన సమయంలో అమ్మినవాళ్లకు చెప్పాలి, ఎంత ఆలస్యమైనా సరుకు చేతికొచ్చిన రెండేళ్ల లోపు చెప్పాలి, లేకపోతే హక్కు పోతుంది.

ఇక అసలు బాధ్యతలు రాసే పనికొస్తే, ఒక్కో వాక్యాన్నీ ఇలా పరీక్షించండి: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, సరిగ్గా చేశారో లేదో ఎవరు ఎలా చూస్తారు, చేయకపోతే ఏమవుతుంది. 'సకాలంలో నాణ్యమైన సరుకు సరఫరా చేయబడును' లాంటి వాక్యం ఈ పరీక్షలో నిలబడదు. ఎవరు చేస్తారో కూడా అందులో లేదు.

డెలివరీకి ఇన్‌కోటర్మ్స్ 2020 వాడండి, అంటే సరుకు ఎక్కడ అప్పగించాలి, ఖర్చు, రిస్కు ఎప్పటిదాకా ఎవరివి అని తేల్చే నియమాలు. అవి మొత్తం 11, వాటిని ఐసీసీ రూపొందించింది. సరుకు ఓడ ఎక్కేదాకా రిస్కు అమ్మేవాళ్లదే అనే ఎఫ్‌ఓబీ నియమం అలవాటు ఎంత బలమైనదంటే కంటైనర్ సరుక్కీ అదే రాసేస్తారు, అది తప్పు. అమ్మేది మీరైతే, కంటైనర్‌ను టెర్మినల్‌లో అప్పగించేస్తారు, ఓడ ఎక్కేదాకా రిస్కు మాత్రం మీ మీదే ఉంటుంది, మధ్యలో ఏమైనా అయితే మీ చేతుల్లో లేని సరుక్కి మీరు జవాబు చెప్పాలి. కంటైనర్లకు ఎఫ్‌సీఏ సరైనది, అందులో కొనేవాళ్లు పెట్టుకున్న రవాణాదారుకు అనుకున్న చోట అప్పగించగానే రిస్కు మారిపోతుంది. సీఐఎఫ్ అనే ఇంకో నియమంలో వేరే చిక్కుంది: గమ్యం రేవు దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కట్టేది అమ్మేవాళ్లే అయినా, సరుకు ఎగుమతి రేవులో ఓడ ఎక్కగానే రిస్కు కొనేవాళ్లకు వెళ్లిపోతుంది. నియమం పేరు పక్కన చోటు కూడా కచ్చితంగా రాయాలి, నగరం పేరు చాలదు, టెర్మినల్ పేరు కావాలి. సరుకు మీద యాజమాన్యం ఎప్పుడు మారుతుందో ఇన్‌కోటర్మ్స్ అసలు చెప్పవు, దానికి వేరే క్లాజు రాసుకోవాలి.

డబ్బు విషయంలో, కొత్త పార్టీ అయితే లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) అడగడం మామూలే, అంటే చెప్పిన కాగితాలు చూపిస్తే డబ్బు కడతానని కొనేవాళ్ల బ్యాంకు రాసిచ్చే హామీ. ఎల్‌సీల్లో ఎక్కువగా వాడే యూసీపీ 600 నియమాలు 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి మూలసూత్రం ఏమిటంటే బ్యాంకు కాగితాలనే చూస్తుంది, సరుకును చూడదు. ఇన్వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీతో సరిపోలకపోయినా, షిప్‌మెంట్ తేదీ ఒక్కరోజు దాటినా, సరుకు బ్రహ్మాండంగా ఉన్నా సరే బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు. రవాణా పత్రాలను మామూలుగా షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లో, ఎల్‌సీ గడువు ముగిసేలోపు బ్యాంకుకు ఇవ్వాలి. కాబట్టి ఎల్‌సీ ఏ తేదీలోగా తెరవాలో కాంట్రాక్టులోనే రాయండి, అది తెరిచాకే డెలివరీ గడువు లెక్క మొదలవుతుందనీ రాయండి. డ్రాఫ్టు ఎల్‌సీ రాగానే షిప్పింగ్ చూసేవాళ్లకు పంపి ఈ కాగితాలన్నీ మనం నిజంగా తేగలమా అని అడగండి. సర్వీసుల కాంట్రాక్టులో అయితే అవతలి దేశం పేమెంట్ మీద పన్ను కోసుకుంటుందేమో ముందే కనుక్కుని ఆ భారం ఎవరిదో తేల్చుకోవాలి.

ఫోర్స్ మెజూర్ క్లాజు, అంటే యుద్ధం, వరదల్లాంటి చేతుల్లో లేని సంఘటన వల్ల పని ఆగితే ఏమవుతుందో చెప్పేది, దాని దగ్గర కాస్త ఆగాలి. అనుకోని కష్టం వస్తే చట్టమే ఆదుకుంటుందని చాలామంది నమ్మకం. 1956లో సూయజ్ కాలువ మూతపడ్డప్పుడు పోర్ట్ సూడాన్ నుంచి హాంబర్గ్‌కు సీఐఎఫ్ పద్ధతిలో వేరుశనగ పంపాల్సిన అమ్మకందారు, ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది కాబట్టి కాంట్రాక్టు రద్దయినట్టే అని వాదించాడు. 1961లో, అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. దారి పొడవైనా, ఖర్చు పెరిగినా, పంపడం సాధ్యమే కాబట్టి పంపాల్సిందే అంది. ఇంగ్లిష్ చట్టంలో ఫోర్స్ మెజూర్ అనే సాధారణ సూత్రమే లేదు, క్లాజులో మీరు రాసుకున్నదే మీకు దక్కుతుంది. ఫ్రాన్స్‌లో అలా కాదు, 2016 సంస్కరణ తర్వాత సివిల్ కోడ్ 1195వ ఆర్టికల్ ప్రకారం, ఊహించని మార్పు వల్ల కాంట్రాక్టు అమలు విపరీతమైన భారమైతే మళ్లీ చర్చించమని అడగొచ్చు, కుదరకపోతే చివరికి జడ్జి దాకా వెళ్లొచ్చు. అందుకే ఇక్కడ టెంప్లేట్‌ను నమ్ముకోకూడదు. ఏ సంఘటనలు లెక్కలోకి వస్తాయి, ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ధర పెరగడం మాత్రమే కారణమైతే ఒప్పుకుంటారా, ఎన్ని నెలలు సాగితే ఎవరైనా బయటికి రావచ్చు, ఇవన్నీ రాయాలి. అప్పటికే బాకీ ఉన్న డబ్బు కట్టే బాధ్యత దీని కిందికి రాదని కూడా రాయండి.

చర్చలకు కూర్చునే ముందు మీ కోరికలను మూడు గుట్టలుగా వేసుకోండి: వదలకూడనివి, దేనికో బదులుగా వదలగలిగేవి, ఎలా ఉన్నా పర్వాలేదనుకునేవి. మూడో గుట్టలో ఉన్నవాటికి అవతలివాళ్ల దృష్టిలో విలువ ఉండొచ్చు, ఊరికే ఇచ్చేయకండి. ఒక్కో క్లాజునూ విడివిడిగా వదులుకుంటూ పోతే చివరికి చేతిలో ఏమీ మిగలదు. 'మేం కట్టే నష్టపరిహారం పరిమితిని కాంట్రాక్టు విలువ దాకా పెంచుతాం, మీరు పేమెంట్ గడువు 90 రోజుల నుంచి 45కి తగ్గించండి' అని జంటగా కట్టి మాట్లాడండి. వాళ్లు ఏదైనా క్లాజు ససేమిరా అంటే ఎందుకని అడగండి. ఎక్కువసార్లు దాని వెనక వాళ్ల ఇన్సూరెన్సు షరతో, ఆడిటర్ నియమమో ఉంటుంది, అది తెలిస్తే వేరే మాటల్లో రాసి ఇద్దరికీ సరిపోయేలా చేయొచ్చు. వాళ్లు పంపిన ప్రతి డ్రాఫ్టునూ మీ చివరి డ్రాఫ్టుతో మీరే కంపేర్ చేసి చూడండి, ఫైల్లో మార్పుల గుర్తులుగా కనిపించే ట్రాక్ చేంజెస్‌నే నమ్ముకోవద్దు. మీరు మాత్రం మార్చిన ప్రతి అక్షరం కనిపించేలా పంపండి, ఒక్కసారి దాచి దొరికిపోతే ఆ తర్వాత మీ మాటను ఎవరూ నమ్మరు.

సంతకం కాకముందే పని మొదలుపెట్టేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. ఆర్‌టీఎస్ అనే కంపెనీ ముల్లర్ అనే పాల ఉత్పత్తుల కంపెనీకి ప్యాకింగ్ యంత్రాలు చేసి పెట్టే పని లెటర్ ఆఫ్ ఇంటెంట్ (కాంట్రాక్టు చేసుకోబోతున్నామని చెప్పే ముందస్తు ఉత్తరం) మీద మొదలుపెట్టింది, దాని గడువు అయిపోయినా పని ఆగలేదు, ఫైనల్ కాంట్రాక్టు మీద సంతకాలు పడలేదు. 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు వాళ్ల ప్రవర్తనను బట్టి కాంట్రాక్టు ఏర్పడిందని తేల్చింది, కానీ ఆ ఒక్క మాట కోసం కింది కోర్టులు రెండూ దాటి రావాల్సి వచ్చింది, మూడు కోర్టులూ మూడు రకాలుగా చెప్పాయి. తొందరగా మొదలుపెట్టక తప్పదంటే, ఏ పని, ఎంత డబ్బు, ఏ తేదీ దాకా అని ఒక చిన్న మధ్యంతర ఒప్పందం చేసుకోండి, ఆ తేదీ వస్తే పని ఆపండి. సంతకం పెట్టే మనిషికి కంపెనీని కట్టిపడేసే అధికారం ఉందో లేదో కాగితం అడగడానికి మొహమాటపడొద్దు.

సంతకాలయ్యాక కాంట్రాక్టు బీరువాలోకి పోతే ఇంత కష్టపడి రాసింది వృథా. అదే వారంలో పని చేసేవాళ్లను, అకౌంట్స్ వాళ్లను కూర్చోబెట్టి, తేదీలు, నోటీసు గడువులు, ఎవరి బాధ్యత ఏది అని ఒక్క పేజీలో రాసివ్వండి. సైట్‌లో ఉన్నవాళ్లు మొత్తం కాంట్రాక్టు చదవరు, ఈ పేజీ చదువుతారు. మార్పులు ఏవైనా కాంట్రాక్టులో చెప్పిన పద్ధతిలోనే జరగాలి. 2018లో రాక్ అడ్వర్టైజింగ్ కేసులో, బాకీ పడ్డ ఆఫీసు అద్దెను వాయిదాలుగా కట్టేందుకు ఫోన్లో ఒప్పందం కుదిరిందని వాదన వచ్చింది. మార్పులు రాతపూర్వకంగా, సంతకాలతోనే జరగాలని కాంట్రాక్టులో ఉంది కాబట్టి ఆ నోటిమాట చెల్లదని బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్లో ఏది మాట్లాడినా ఆ రోజే మెయిల్ పెట్టండి, మార్పు అయితే సవరణ పత్రం మీద సంతకాలు తీసుకోండి. డెలివరీ ఆలస్యమైనప్పుడు సంబంధం చెడిపోతుందేమోనని నోటీసు ఇవ్వకుండా ఊరుకుంటారు, నాకు అర్థమవుతుంది, కానీ గడువు దాటితే హక్కు పోయే క్లాజులు ఉంటాయి. అందుకే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: పని సాగనిద్దాం, ఈలోగా కాంట్రాక్టు ప్రకారం మాకున్న హక్కులేవీ వదులుకోవడం లేదు అని. నోటీసు క్లాజులో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలోనే పంపాలి. కొరియర్ అని ఉంటే మెయిల్ చాలదు.

పని పూర్తయ్యాక కూడా రెండు సంగతులు మిగులుతాయి. రహస్య సమాచారం, వారంటీ లాంటి బాధ్యతలు ఇంకా ఎన్నేళ్లు నడుస్తాయో క్యాలెండర్‌లో వేసుకోవాలి. మీరిచ్చిన బ్యాంకు గ్యారంటీ ఉంటే దాని గడువు తేదీ చూసుకుని, అసలు కాగితంతో పాటు బాధ్యత తీరిపోయిందని లబ్ధిదారు, అంటే గ్యారంటీ అందుకున్న పార్టీ, రాసిచ్చిన ఉత్తరాన్నీ తెప్పించుకుని, రెండూ మీ బ్యాంకుకు ఇచ్చి, గ్యారంటీ కోసం బ్యాంకు పట్టి ఉంచిన మార్జిన్ డబ్బు వదిలారో లేదో చూసుకున్నాకే ఫైలు మూసేయండి.