చవితి నుంచి దసరా దాకా లైవ్ పెట్టే ఛానెళ్లకు జాగ్రత్తలు

కర్నూలు కేసీ కెనాల్ వినాయక ఘాట్ దగ్గర నిమజ్జనం మొదలు, దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం దాకా, ఊళ్లో యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్లకు ఇదే గిరాకీ కాలం. కాపీరైట్ చిక్కులు వచ్చి పడేదీ అప్పుడే. దేవరగట్టులో భయపడాల్సింది కర్రలకే అనుకుంటాం గానీ, ఛానెల్‌కు దెబ్బ తగిలేది వెనకాల మోగే డీజే వల్ల.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. చట్టం నీడ ఇచ్చేది యూట్యూబ్ లాంటి ప్లాట్‌ఫామ్‌కు, వీడియో ఎక్కించినవాళ్లకు కాదు. జనం ఎక్కించినదానికి కంపెనీని బాధ్యుణ్ణి చేయకూడదని, కొన్ని షరతులతో, ఐటీ చట్టం 79వ సెక్షన్ చెబుతుంది. కాపీరైట్ హక్కులకు ఈ చట్టం అడ్డు రాదని అదే చట్టంలోని 81వ సెక్షన్ అంటుంది. ఈ రెండింటికీ పొంతన ఎలాగన్నది మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్ మీద సూపర్ క్యాసెట్స్ అనే పాటల కంపెనీ వేసిన కేసులో తేలింది. 2011లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి మైస్పేస్‌ను తప్పుపట్టారు. 2016లో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీలు) దాన్ని మార్చింది. ఫలానా పాట ఫలానా చోట ఉందని స్పష్టంగా చెప్పాక కూడా తీయకపోతేనే బాధ్యత అంది. కాబట్టి ఫిర్యాదు రాగానే తీసేస్తే కంపెనీ క్షేమం. న్యాయం ఎవరివైపుందో తేల్చుకునే అవసరం దానికి లేదు.

ఇది కూడా చాలదు, కంపెనీల మీద ఇంకా బరువు పెట్టాలని పాటల హక్కుదారులు అడుగుతుంటారు. ఐరోపా యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ డైరెక్టివ్ (సభ్య దేశాలన్నిటికీ వర్తించే ఆదేశం) 17వ ఆర్టికల్ ఆ దారే పట్టింది. వాళ్ల బాధలో నిజం లేకపోలేదు. కానీ బరువు పెరిగేకొద్దీ కంపెనీ అనుమానం ఉన్నదల్లా ఆపేస్తుంది. అప్పుడు ముందుగా ఆగేది ఆదోని, ఆలూరు కుర్రాళ్ల వీడియోలే.

ఇక జాగ్రత్తలు. లైవ్‌లో పాట దొరికిపోవడానికి ఎవరో ఫిర్యాదు చేయనక్కర్లేదు, యూట్యూబ్ యంత్రమే పట్టేస్తుంది. మీ దృశ్యం తీసేసి ఒక బొమ్మ పెట్టేస్తుంది. డీజే బండి పక్కన నిలబడకండి. వ్యాఖ్యానానికి కాలర్ మైకు విడిగా పెట్టుకుని, పాట మొదలవగానే బయటి శబ్దం తగ్గించేయండి. తప్పెట్ల దగ్గరైతే ఎంతసేపైనా ఉండొచ్చు.

"పూజలో పాట వేసుకోవడానికి మినహాయింపు ఉందిగా" అంటారు. ఉంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో నిజమైన మతపరమైన కార్యక్రమాలకు, పెళ్లి ఊరేగింపులకు కూడా ఉంది. అది పందిట్లో మోగే పాటకు. దాన్నే మీరు ప్రపంచానికి లైవ్ ఇచ్చి ప్రకటనల డబ్బు తీసుకుంటే అదే మినహాయింపు కాపాడుతుందని నమ్ముకోవద్దు.

అన్నమయ్య కీర్తన అయితే ఇబ్బంది లేదన్నది ఇంకో ధీమా. సాహిత్యం వరకు నిజమే. రికార్డింగుకు మాత్రం విడుదలైన తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బాణీకీ వేరే లెక్క ఉంది. ఎన్నో కీర్తనలకు స్వరం కట్టిన మన అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. కర్త పోయాక 60 ఏళ్లు కాబట్టి, ఆయన బాణీల గడువు 2039 చివరి దాకా. ఊరి భజన బృందం తరతరాలుగా వస్తున్న పాత బాణీలో పాడితే నిశ్చింత. వీడియో పెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు వాళ్ల దగ్గర ముందే వాట్సాప్‌లో ఒక మాట రాయించుకోండి.

వేరేవాళ్ల డ్రోన్ షాట్ తీసుకుని కింద "క్రెడిట్స్ ఓనర్‌కే" అని రాస్తే అనుమతి అయిపోదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఇది బెయిల్ హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

క్లెయిమ్ (మీ వీడియోలో తమ పాట ఉందని హక్కుదారు పేరుతో వచ్చేది) వస్తే కంగారు పడకండి. మామూలుగా దానివల్ల పోయేది ఆ వీడియో ఆదాయం. స్ట్రైక్ వేరు, అది ఫిర్యాదుతో వీడియో తీసేసినప్పుడు ఛానెల్ మీద పడే దెబ్బ. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. తప్పు మీది కాకపోతే, వీడియో తిరిగి పెట్టమని కౌంటర్ నోటిఫికేషన్ (ఎదురు అర్జీ) వేయొచ్చు. అయితే మీ పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళ్తాయి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టూ అవుతుంది. కోపంతో నొక్కే బటన్ కాదది, తెలిసిన లాయర్‌ను ఒక మాట అడగండి.

మన చట్టంలోనూ ఒక దారి ఉంది. రాతపూర్వక ఫిర్యాదు అందితే ప్లాట్‌ఫామ్ 36 గంటల్లో ఆ వీడియో ఆపాలి, ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఆర్డర్ తేవాలి. తేకపోతే తిరిగి పెట్టొచ్చు అంది గానీ, పెట్టి తీరాలని చట్టం అనలేదు. అప్పటికి పండగ ఎలాగూ అయిపోతుంది. అందుకే అసలు ఫుటేజీ కత్తిరించకుండా హార్డ్ డిస్క్‌లో దాచండి, కమిటీ ఇచ్చిన అనుమతి కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. నిమజ్జనం రాత్రి ఛానెల్ మెయిల్ చూసే పని కెమెరా పట్టుకోని మనిషికి అప్పగించండి.