చిగుళ్ళ నుంచి రక్తం వస్తా ఉంటే బ్రష్ ఆపొద్దు, పట్టుకునే తీరు మార్చండి

మా నాయన బ్రష్ కొని నెల కూడా కాకముందే కుచ్చులన్నీ రెండు పక్కలకీ విచ్చుకుని పోయుంటాయి, అంత గట్టిగా రుద్దుతాడు. పొద్దున్నే కొళాయి దగ్గర నిలబడి తోముతా ఉంటే ఆ గరగర లోపల వంటింట్లోకి వినపడతాది. ఉమ్మితే నురుగులో సన్నగా ఎర్ర చార. ఇంక నాలుగు రోజులు ఆ పక్క బ్రష్ పెట్టడు, ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకుంటాడు. మా తిరుపతిలో నాకు తెలిసిన చానా ఇళ్ళల్లో ఇదే అలవాటు, అందుకే రాస్తా ఉండా.

రక్తం వచ్చేది ఎక్కువమందికి చిగురు అప్పటికే వాచి ఉండటం వల్ల. ఆ వాపు పంటికీ చిగురుకీ మధ్య పేరుకున్న పాచి వల్ల. మనం భయపడి అక్కడ తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతాది, వాపూ పెరుగుతాది. 1965లో డెన్మార్క్‌లో చిగుళ్ళు బాగున్న 12 మందితో పళ్ళు తోమడం మాన్పించి చూసినారు, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచిపోయినాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టినాక మామూలైపోయినాయి. అంటే ఈ దశలో ఉంటే మన చేతిలోనే ఉంది. దాటి లోపల ఎముక కరగడం మొదలైతే మాత్రం పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

ఇప్పుడు ఎట్లా తోమాలో చెప్తా. సాఫ్ట్ అని రాసుండే బ్రష్ తీసుకోండి, మీడియం, హార్డ్ వద్దు. పిడికిలితో పట్టుకోవద్దు, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళ కొసలతో పట్టుకోండి, ఈ ఒక్కటి మారిస్తేనే ఒత్తిడి తగ్గుతాది. బ్రష్‌ని ఏటవాలుగా పెట్టండి, కుచ్చులు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేట్టు. అక్కడే చిన్నచిన్నగా కదిలించి, చిగురు వైపు నుంచి పంటి కొస వైపుకి లాగండి, పై పళ్ళకి కిందికి, కింద పళ్ళకి పైకి. అడ్డంగా రంపం కోసినట్టు రుద్దితే చిగురు వెనక్కి జారి పంటి మొదలు బయటపడతాది, అప్పుడు చల్లనీళ్ళు తాగినా జివ్వుమంటాది. మొత్తం రెండు నిమిషాలు. కింద ముందు పళ్ళ లోపలి పక్క మర్చిపోవద్దు, లాలాజలం ఎక్కువగా ఊరేది అక్కడ కాబట్టి గార, అంటే గట్టిపడిన పాచి, ముందు అక్కడే కడతాది, అక్కడ బ్రష్‌ని నిలువుగా పట్టుకుంటేనే అందుతాది.

పేస్ట్ బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యం గింజంత. ఫ్లోరైడ్ ఉండేది చూసి కొనండి. రోజుకి రెండు సార్లు, అందులో రాత్రిది అస్సలు వదలొద్దు, నిద్రలో నోట్లో నీరు ఊరడం తగ్గిపోతాది కాబట్టి పాచికి అదే మంచి టైమ్.

మా అవ్వ చివరిదాకా వేపపుల్లే వాడింది, తప్పేం లేదు, మెత్తగా నమిలి కుచ్చు చేసుకుని నిదానంగా తోముకుంటే. ఇటుక పొడి, బొగ్గు, గరుకు ఉప్పు పెట్టి వేలితో రుద్దడం మాత్రం మానుకోండి, పన్ను అరిగిపోతాది.

మామిడికాయల సీజన్‌లో మన చిత్తూరు వైపు పళ్ళ సందుల్లో పీచు ఇరుక్కోని ఇల్లు ఉండదు, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలుకుతారు, చిగురు చీరుకుపోతాది. బ్రష్ ఎట్లాగూ ఆ సందుల్లోకి పోదు, మెడికల్ షాపులో ఫ్లాస్ దారం దొరుకుతాది, రాత్రి ఒక్కసారి వాడండి.

గార కట్టేస్తే ఇంక ఏ బ్రష్‌తోనూ పోదు, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి అంటారు, కాదు, అంతవరకూ సందులు మూసి పట్టుకున్న గార పోయినాక ఖాళీ తెలుస్తాది అంతే. షుగర్ ఉండేవాళ్ళు ఇంకా జాగ్రత్త, షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడైతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ కంట్రోల్‌కి రావడం కష్టమైతాది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకి చిగుళ్ళు లోపల పాడవుతా ఉన్నా రక్తం పెద్దగా కనపడదు, దాన్ని చూసి ధైర్యపడొద్దు. సరిగ్గా తోముతున్నా రెండు వారాల్లో రక్తం ఆగకపోయినా, చీము కనపడినా, పన్ను ఊగుతున్నా డాక్టర్ దగ్గరికి పోవడానికి లేట్ చేయొద్దు.

నాయనకి సాఫ్ట్ బ్రష్ తెచ్చిచ్చి మూడు వారాలైంది. మొదటి నాలుగు రోజులు రక్తం వచ్చింది, ఆపొద్దు నాయనా అని పక్కన నిలబడి తోమించినా. ఇప్పుడు నురుగు తెల్లగా వస్తా ఉంది. కింద పళ్ళ వెనకాల పాత గార అట్లే ఉంది, దానికి మంగళవారం పిల్చుకోని పోతా ఉండా.