కొబ్బరిచెట్టు ఎటు తిరిగిందో చూడండి

కోనసీమలో పుట్టి పెరిగినవారు కూడా సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది: కొబ్బరి మట్టలు ఒకదాని తరువాత ఒకటి సుమారు 137 డిగ్రీల తేడాతో పుడుతూ, కొన్ని చెట్లలో కుడికి, కొన్నింటిలో ఎడమకు మెలి తిరుగుతాయి. దీనిని చూడడానికి చెట్టెక్కనక్కరలేదు. మొదలుకు కాస్త దూరంగా నిలబడి, ఒక మట్ట సందు నుంచి వేలాడే గెలను పరిశీలిస్తే, అది మట్టకు సరిగ్గా నడిమిన కాక ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఆ చెట్టులోని మిగిలిన గెలలూ అదే పక్కకు ఒరుగుతాయి. పక్క చెట్టులో ఇది తారుమారు కావచ్చు. దింపు (కాయల కోత) తీయకముందే చూడడం మేలు, తరువాత చూడడానికి ముదురు గెలలే మిగలవు. తోటలో రెండు రకాలూ దాదాపు సమానంగానే ఉంటాయి, పైగా ఎడమ తిరుగుడు చెట్టు కాయను నాటితే ఎడమ తిరుగుడు మొక్కే వస్తుందన్న నియమం లేదు.

కాలువ గట్టున ఉదయపు ఏటవాలు ఎండలో మానును చూడండి. రాలిన ప్రతి మట్టా ఒక మచ్చను వదులుతుంది. కాపుకు వచ్చిన చెట్టుకు ఏడాదికి సుమారు 12 మట్టలు కనుక, 12 మచ్చలు దాదాపు ఒక ఏడాది ఎదుగుదల. మచ్చలు ఇరుకుగా ఉన్నచోట చెట్టు నెమ్మదిగా పెరిగిందన్నమాట.