గడగడా చదువుతాడు, ప్రశ్న వేస్తే తల దించుకుంటాడు

సమస్య: క్లాసులో ఒక పిల్లాడు ఇంగ్లీషు పాఠం ఎక్కడా ఆగకుండా చదివేస్తాడు. అదే పేరాలోంచి చిన్న ప్రశ్న అడిగితే నోరు తెరవడు. పరీక్షలో ప్రశ్న కాస్త మారితే పేపరు ఖాళీ.

ఇది చూడగానే చాలామంది గ్రామర్ మొదటి నుంచి ఎత్తుకుంటారు. దయచేసి ముందు వాడి పుస్తకం చేతిలోకి తీసుకుని చూడండి. తిరుపతి చుట్టుపక్కల ఒకేషనల్ ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఈ ఒక్క పని చేయకుండానే ఏడాది గడిపేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు లైను మీదా, దాన్ని ఎలా పలకాలో సన్నగా పెన్సిలుతో రాసిన తెలుగు అక్షరాలుంటాయి. వాడు చదివేది వాటినే.

నేనూ ఇలాగే మోసపోయాను. పుత్తూరు వైపు నుంచి వచ్చే ఆటోమొబైల్ పిల్లాడు. ఏడాదంతా రీడింగ్ వాడిచేతే చేయించాను. ట్రైనింగ్ ఎలా సాగుతోందో చూద్దామని మెకానిక్ షెడ్డుకు వెళితే, 'ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు) ఇలా ఇవ్వన్నా' అంటూ పని చేసుకుంటున్నాడు. పక్కనున్న ఇంగ్లీషు మాన్యువల్‌లో ఆ గేజ్ అన్న మాటే చూపిస్తే 'గౌజ్' అన్నాడు. మర్నాడు పుస్తకం తెరిచాను. వాళ్లక్క రాసిచ్చిన తెలుగు, మొదటి పాఠం నుంచి చివరిదాకా.

కారణం: తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో టి, యు, బి అయితే టబ్. చివర ఇ చేరితే ట్యూబ్, ఆ ఇ మాత్రం పలకదు. ఇది ఎవరూ విడమరిచి చెప్పకపోతే పిల్లలు తెలిసిన అక్షరాలనే పట్టుకుంటారు.

అనుమానం తీరాలంటే పాఠంలోని మాటలనే వరస మార్చి బోర్డు మీద కొత్త వాక్యంగా రాసి చదవమనండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

పరిష్కారం: రాసుకున్నది వెంటనే తుడిపించకండి, వాడికున్న ఆధారం అదే. షెడ్డులో నోటికొచ్చిన మాటలతో మొదలుపెట్టండి: ఫ్యూజ్, బ్రేక్, వాల్వ్, గేజ్. పలకడం ముందే వచ్చు కాబట్టి స్పెల్లింగ్ మీదే దృష్టి నిలుస్తుంది. రోజుకు ఐదు చాలు. ఫ్యూజ్‌ను ట్యూబ్ పక్కన రాసి చివరి ఇ చూపించండి. తర్వాత ఆ మాటలతోనే చిన్న వాక్యాలు, ఏమీ రాయని జిరాక్స్ కాగితం మీద. అర్థం తెలుగులో రాసుకోనివ్వండి, ఉచ్చారణ మాత్రం వద్దు. మరీ తప్పకపోతే కాగితం వెనక రాసుకోవాలి. లైను మీదే ఉంటే కన్ను తెలుగు మీదికే పోతుంది.

చిత్తూరు సరిహద్దు పల్లెల్లో ఆ పెన్సిలు రాత తమిళంలో ఉండొచ్చు. మందు ఇదే. బోర్డు మీద చదవలేకపోతే, అది కనిపించడం లేదేమోనని ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. అక్షరాలు తారుమారయ్యే పిల్లలు ఎప్పుడో ఒకరు వస్తారు, వాళ్లను డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి.