సూడోమోనాస్ ఇనుప ఆకలిని కంటితో చూడటం ఎలా?

రోగకారక బ్యాక్టీరియాకు మన శరీరంలో ఇనుము తేలిగ్గా దొరకదు. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్, కన్నీళ్లలోనూ పాలలోనూ లాక్టోఫెరిన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. కాలిన గాయాల్లో చేరే సూడోమోనాస్ ఎరూజినోసా అనే బ్యాక్టీరియా ఆ ఇనుమును లాక్కోవడానికి పయోవర్డిన్ అనే అణువును బయటికి వదులుతుంది. అతినీలలోహిత కాంతిలో పయోవర్డిన్ పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో వెలుగుతుంది. అందుకే డిగ్రీ విద్యార్థులకు లోహాల పాఠం చెప్పే ముందే నేను ఈ ప్రయోగం చేయిస్తాను.

తరగతిలో ఎరూజినోసా జోలికి వెళ్లకండి. దాని దగ్గరి జాతి సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ చాలు. అది 28 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, పయోవర్డిన్ కూడా చేస్తుంది.

మీడియం, అంటే బ్యాక్టీరియా పెరిగే ద్రవం, తయారీ సులువే. లీటరు స్వేదన జలంలో డైపొటాషియం ఫాస్ఫేట్ 6 గ్రాములు, మోనోపొటాషియం ఫాస్ఫేట్ 3, అమ్మోనియం సల్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, సక్సినిక్ ఆమ్లం 4 గ్రాములు కలిపి పీహెచ్ 7కు తెచ్చి ఆటోక్లేవ్ చేయండి (పీడనంతో కూడిన ఆవిరిలో క్రిములు చచ్చేలా వేడి చేయండి).

అసలు శ్రద్ధ పెట్టాల్సింది శుభ్రత మీద. ఇక్కడ శుభ్రత అంటే క్రిములు లేకపోవడం మాత్రమే కాదు, ఇనుము లేకపోవడం. గాజు ఫ్లాస్కులను 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, స్వేదన జలంతో చాలాసార్లు కడగండి. కుళాయి నీళ్లు, స్టీలు గరిటెలు దగ్గరికి రానివ్వకండి. బ్యాక్టీరియాను న్యూట్రియెంట్ బ్రాత్ (మామూలుగా దాన్ని పెంచే పోషక ద్రవం) నుంచి నేరుగా వేస్తే దానితోపాటు ఇనుమూ వస్తుంది. కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి అడుగుకు చేర్చి), పైన చెప్పిన మీడియంతో రెండుసార్లు కడిగి వేయండి.

ఇప్పుడు రెండు ఫ్లాస్కులు. ఒకదానిలో ఏమీ కలపవద్దు. రెండోదానిలో ఫెర్రిక్ క్లోరైడ్ 100 మైక్రోమోలార్ అయ్యేలా కలపండి. ఒకటి రెండు రోజులు షేకర్ మీద ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలు అడుగున చేరాక పైన మిగిలే పైద్రవాన్ని 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద చూడండి. అతినీలలోహిత కాంతిని ఆపే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. మొదటిది వెలుగుతుంది, రెండోది వెలగదు.

చాలామంది ఇక్కడే ఆపేసి "ఇనుము ఉంటే పయోవర్డిన్ తయారు కాదు" అని రాసేస్తారు. ఆ మాట ఇంకా రుజువు కాలేదు. వెలుగుతున్న పైద్రవంలో కాస్త ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూడండి: అందులో కణాలు లేకపోయినా వెలుగు తగ్గిపోతుంది. ఇనుమును పట్టుకున్న పయోవర్డిన్ వెలగదు మరి! కాబట్టి రెండు పైద్రవాలనూ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రవం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరంలో) 400 నానోమీటర్ల దగ్గర కొలవండి. ఇనుము పట్టినా పట్టకపోయినా పయోవర్డిన్ అక్కడ కాంతిని పీల్చుకుంటుంది. రెండోదానిలో ఆ విలువ బాగా తక్కువ ఉంటేనే తయారీ తగ్గిందని చెప్పగలం.

తయారీని ఆపేది ఫర్ అనే ప్రొటీన్. కణంలో ఇనుము చాలినంత ఉంటే అది ఫెర్రస్ అయాన్‌ను పట్టుకుని డీఎన్‌ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను అణచేస్తుంది. ఎరూజినోసాలో ఫర్ అణచే జన్యువుల్లో పీవీడీఎస్ ఒకటి. పయోవర్డిన్‌తోపాటు ఎక్సోటాక్సిన్-ఎ అనే విషం తయారీకీ ఆ జన్యువు కావాలి. ఇనుము కొరత, రోగ తీవ్రత ఒకే మీట మీద ఉన్నాయన్నమాట. విద్యార్థులు ఈ సంబంధం పట్టుకోవాలనే నా తాపత్రయమంతా.

సమయం ఉంటే 1, 5, 10, 20, 50 మైక్రోమోలార్ల ఇనుముతో మరో వరుస ఫ్లాస్కులు పెట్టండి. ఒక్కో పైద్రవం 400 దగ్గరి విలువను ఆ ఫ్లాస్కులోని కణాల పెరుగుదలతో భాగించి గ్రాఫు గీయండి. లేకపోతే పెరుగుదలలో తేడాను తయారీలో తేడాగా పొరబడతారు.