అఖాతంలో గాలం వేసేవాళ్లకు

వేడి ప్రాంతపు అఖాతంలో చేపలు పట్టడానికి పడవ ఉండాల్సిన పని లేదు. ముందు చూడాల్సింది ఆటుపోట్ల పట్టిక. నీళ్లు కదలకుండా నిలిచిన వేళ నేను గాలం తియ్యను కూడా తియ్యను.

నాకు అన్నిటికన్నా ఇష్టం పోటు తీసే సమయం. మడ చెట్ల మధ్య పాయల్లోంచి నీళ్లు అఖాతంలోకి లాగుతుంటే, రొయ్యలూ చిన్న చేపలూ వాటితోపాటే కొట్టుకొస్తాయి. పెద్ద చేపలు పాయ నోటి దగ్గర, కాస్త లోతున్న పక్కన కాపు కాస్తాయి. బతికున్న రొయ్యను కొమ్ము కింద, తలలో కనిపించే నల్ల మచ్చకు తగలకుండా గుచ్చండి. మచ్చకు తగిలిందా, రొయ్య చచ్చినట్టే. దాన్ని ప్రవాహానికి ఎగువన వేసి, దానంతటదే కొట్టుకుపోనివ్వండి.

సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగి ఉండే గుండ్రటి గాలపు కొక్కెం) వాడితే చేప లాగగానే కర్రను ఝాడించకండి; రీలు నెమ్మదిగా తిప్పితే చాలు, మూతి మూలన పట్టేస్తుంది. రాత్రిపూటైతే వంతెన దీపాల కింద, వెలుగూ నీడా కలిసే గీత వెంట వెయ్యండి.

లైసెన్సు, సైజు నిబంధనలు బయల్దేరే ముందే చూసుకోండి. వదిలేసే చేపను తడి చేతులతోనే పట్టుకోండి, పొడి చేతులకు దాని జిగురు పొర ఊడిపోతుంది.