పిల్లల నవలలో మిషను నిజంగా పనిచేయాలి: బుల్లి ఇన్వెంటర్ల సాహస కథ రాయడం ఎలా?

నేను రాసిన మొదటి పిల్లల నవలలో పదేళ్ల కుర్రాడు మూడు పేజీల్లో రోబో తయారుచేసేశాడు. అప్పుడు ఆరో తరగతి చదువుతున్న మా అక్క కూతురు ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "మామయ్యా, దీనికి బ్యాటరీ ఎక్కడుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మంత్రదండం ఎలా పనిచేస్తుందని ఏ పిల్లలూ అడగరు. స్క్రూలు, వైర్లు అన్నామంటే మాత్రం లెక్క చెప్పి తీరాలి. ఆ కాగితాలు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. వాటి వల్ల నేర్చుకున్నదే ఇది.

1. ముందు ఒక నొప్పిని వెతకండి

చాలామంది "మావాడు ఏం కనిపెడతాడు?" అన్న దగ్గర మొదలుపెడతారు. "ఎవరికోసం కనిపెడతాడు?" అన్న దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం సంగతే తీసుకోండి. ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేది, అంటే నేతకు ముందు దారం సిద్ధం చేసేది. ఒక్క చీరకు మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. రాత్రికి భుజం పట్టేసేది. అది చూస్తూ పెరిగిన కొడుకు ఏళ్ల తరబడి తంటాలుపడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి పెట్టుకున్న పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో మిషను కంటే ముందు మనకు గుర్తుండేది ఆ భుజం.

ఒకరోజు పొద్దున్నుంచి రాత్రిదాకా జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, ఇంట్లో, వీధిలో ఎవరెవరు ఎక్కడ "అబ్బా" అన్నారో రాసుకోండి. మోటారు ఆపడం మర్చిపోతే ట్యాంకు పొంగిందనో, మేడమీద ఎండబెట్టిన మిరపకాయలు వానకు తడిశాయనో, కోతులు కొబ్బరిచిప్పలు ఎత్తుకెళ్లాయనో. సాయంత్రానికి పది దొరుకుతాయి. వాటిలో ఆలస్యమైతే ప్రమాదం వచ్చేదాన్ని పట్టుకోండి. సాహసం అక్కడే ఉంది.

నేను పట్టుకున్నది వాగు. ఎగువన ఎక్కడో వాన పడుతుంది, మన ఊళ్లో చినుకు ఉండదు. అర్ధరాత్రి నీళ్లు గుమ్మంలోకి వచ్చాకగానీ ఎవరికీ తెలియదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఏం చేశాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే నా నవలలో పిల్లలు వరద వస్తే మోగే గంట తయారుచేస్తారు.

2. ఆ వస్తువు మీరే చేసి చూడండి

ఇదొక్కటి మాత్రం వదలొద్దు. నవలలో ఉన్న వస్తువును మీరు వంటింటి గట్టు మీద ఒకసారైనా చేయాలి. రాకెట్, రోబో ఎందుకు వద్దంటానంటే ఇందుకే.

తొమ్మిది వోల్టుల బ్యాటరీ, చిన్న బజర్, రెండు వైర్లు కొనుక్కొచ్చాను. వైర్ల కొసలు గీకి, ఒకదానికొకటి తగలకుండా కాస్త ఎడంగా గ్లాసులో పెట్టాను. బోరు నీళ్లు పోయగానే బజర్ కీచుమని మోగింది. భలే సంబరం. అదే రోజు సాయంత్రం వాన పడితే, బకెట్‌లో పట్టిన నీళ్లతో మళ్లీ చూశాను. చప్పుడు లేదు. బ్యాటరీ అయిపోయిందేమోనని మార్చాను. అయినా లేదు. చిటికెడు ఉప్పు వేశాను, మోగింది!

కారణం చిన్నదే. నీళ్లలో కరెంటు పారాలంటే అందులో లవణాలు కరిగి ఉండాలి. భూమిలోంచి వచ్చే బోరు నీళ్లలో అవి దండిగా ఉంటాయి, వాన నీళ్లలో దాదాపు ఉండవు. నాకు ఆ క్షణంలో కథ మొత్తం కనబడిపోయింది. పిల్లలు గంటను ఇంట్లో బోరు నీళ్లతో పరీక్షిస్తారు, బ్రహ్మాండంగా మోగుతుంది. ఊరంతా చప్పట్లు కొడుతుంది. వాన మొదలయ్యాక గ్లాసులో పట్టి చూసినవి కొత్త వాన నీళ్లు. గంట మోగదు.

కుర్చీలో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ మలుపు నాకు తట్టేది కాదు. ఇంకోటి కూడా దొరికింది: నాలుగు రోజులు నీళ్లలోనే వదిలేస్తే ఒక రాగి కొస పచ్చగా చిలుము పట్టి తినేసినట్టయింది. అదొక అధ్యాయానికి సరిపోయింది.

3. చెడిపోవడాన్నే కథగా అల్లండి

మిషను కనీసం మూడుసార్లు చెడిపోవాలి, ప్రతిసారీ వేరే కారణంతో. మొదటిసారి నవ్వు రావాలి (నా కథలో గేదె వైరు నమిలేస్తుంది). రెండోసారి పిల్లల మధ్య తగవు పెట్టాలి. మూడోసారి ప్రాణం మీదికి రావాలి.

రెండోదాన్ని నేనిలా రాశాను:

*"ఒరేయ్ ఇమ్రాన్, మోగట్లేదురా."*

*"బ్యాటరీ అయిపోయిందేమోనే."*

*"నిన్నేగా మార్చింది!"*

*"అయితే నువ్వే వైరు సరిగా చుట్టలేదు."*

*మంజుల మాట్లాడలేదు. గ్లాసు ఎత్తి నీళ్లు ఒక గుక్క తాగింది. "ఇవి మన బోరు నీళ్లు కావు," అంది. "చప్పగా ఉన్నాయి."*

ఆ ఒక్క గుక్కలో మంజుల తెలివి తెలిసిపోతుంది. "మంజుల చాలా తెలివైన పిల్ల" అని పేరా నిండా రాసినా అంత తెలియదు. పైగా ఊళ్లో నీళ్ల రుచి పిల్లలకు నాలుక మీద ఉంటుంది, ఆ సంగతి పాఠకులకు వెంటనే అందుతుంది.

పరిష్కారం కూడా కంటికి కనబడేలా ఉండాలి. ట్రాన్సిస్టర్ ఒకటి పెడితే సన్నటి కరెంటును కూడా పెద్దది చేయొచ్చు, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ముందు అదే చెబుతారు. నేను వాడలేదు. అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపులో థర్మోకోల్ ముక్క వేసి, దాని నెత్తిన అల్యూమినియం రేకు అతికించాను. నీళ్లు పెరిగితే ముక్క తేలుతూ పైకొచ్చి, పైన ఎడంగా ఉన్న రెండు వైర్లను రేకుతో కలుపుతుంది. నీళ్లు చప్పనైనా, ఉప్పనైనా గంట మోగుతుంది. చదివిన పిల్ల మర్నాడు బకెట్‌లో చేసి చూసుకోవచ్చు.

4. తెలివిని ముక్కలు చేసి పంచండి

అన్నీ తెలిసిన పిల్ల ఒకతే ఉంటే మిగతావాళ్లు చప్పట్లు కొట్టడానికి తప్ప దేనికీ పనికిరారు. ముగ్గురు చాలు. ఒకరు గమనిస్తారు. ఒకరి చేతిలో పనితనం ఉంటుంది. మూడోవాళ్లకు అనుమానం ఎక్కువ, "ఇలా అయితే?" అని ప్రాణం తీస్తుంటారు. ఆ మూడోవాళ్లే కథను నడిపిస్తారని నా అనుభవం.

ప్రతిభ అంటే కొత్తది కలపడమే అనుకోకండి, అక్కర్లేనిది తీసేయడం కూడా. ఫ్రాన్స్‌లో 1809లో పుట్టిన లూయీ బ్రెయిల్ మూడేళ్లప్పుడు నాన్న తోలు పని షెడ్డులో తోలుకు చిల్లులు పెట్టే ఆర కంటికి గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నాడు. పారిస్ బడిలో ఉండగా చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన చుక్కల రాత అతని చేతికొచ్చింది. ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండటంతో వేలికొస కింద ఇమిడేది కాదు. కుర్రాడు దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. పదిహేనేళ్ల వయసుకే ఆ లిపి ఒక రూపానికి వచ్చింది. మీ పాత్రకు కూడా ఇలాంటి ఒక్క తీసివేత ఇచ్చి చూడండి.

5. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టండి

అమెరికా నుంచి దిగే సైంటిస్ట్ మామయ్యను దయచేసి మళ్లీ పిలవకండి. ఆయన వచ్చాడంటే సమాధానం ఆయనే చెప్పేస్తాడు. అలాగని పెద్దవాళ్లను మొద్దులుగా చూపించడమూ అన్యాయమే. సామాను ఇచ్చి సమాధానం ఇవ్వని మనిషి ఒకరు ఉంటే బావుంటుంది. నా కథలో పాత రేడియోలు బాగుచేసే తాత. ఏం అడిగినా "ఆ డబ్బాలో వెతుక్కోపో" అంటాడు.

ఆఫ్రికా దేశమైన మలావీలో విలియం కాంక్వంబా అనే పిల్లవాడు కరువులో ఫీజు కట్టలేక బడి మానేశాడు. లైబ్రరీ పుస్తకంలో గాలిమర బొమ్మ చూసి, సైకిల్ భాగాలు, ట్రాక్టర్ ఫ్యాను, చెట్టు దుంగలతో తన ఇంటికి కరెంటు తెచ్చుకున్నాడు. ఊళ్లోవాళ్లు మొదట్లో పిచ్చోడన్నారు. ఆ ఎగతాళి మీ కథలోనూ ఉండనివ్వండి.

6. గడియారం పెట్టి అధ్యాయాలు వేయండి

పది పన్నెండేళ్ల పిల్లలకు పన్నెండు నుంచి పదిహేను అధ్యాయాలు, ఒక్కోటి వెయ్యి పదాల లోపు. చివరి నాలుగూ ఒకే రాత్రి జరగాలి. నేను గోడకు చార్టు అంటించి గంటలు రాసుకున్నాను: తొమ్మిదికి కరెంటు పోయింది, పదిన్నరకు వాగు మొదటి రాయి దాటింది, పన్నెండుకు వంతెన మునిగింది. ఏ సమయానికి ఎవరు ఎక్కడున్నారో తెలిస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది, పాఠకుడికి పెరుగుతుంది.

7. మాటల దగ్గర గొప్పలు పోవద్దు

"విద్యుద్వాహకత్వం" అని రాస్తే పుస్తకం పక్కన పెట్టేస్తారు. "కరెంటు పారడం" అంటే చాలు. బజర్, వైర్, స్విచ్ అలాగే ఉండనివ్వండి, వాటికి తెలుగు పుట్టించే బాధ్యత మీ నవల మీద లేదు. సైన్సు వివరణ ఒక్కోచోట నాలుగు వాక్యాలు దాటకూడదు. దాటితే మధ్యలో గేదెను తీసుకురండి.

ఇంటి ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి మీ పాత్రలు అసలు పోకూడదు. చదివిన పిల్లలు చేసి చూస్తారు, చేయాలనే కదా రాస్తున్నాం. బ్యాటరీలు చాలు. వరదలోకి దూకే హీరోలు కూడా వద్దు. నా పిల్లలు మిద్దె మీద నుంచే ఊరిని లేపుతారు.

8. గట్టిగా చదివి వినిపించండి

ఇంట్లోవాళ్లకు కాదు, వాళ్లు బావుందనే అంటారు. దగ్గర్లోని బడిలో టీచర్‌ను అడిగి ఒక పీరియడ్ తీసుకోండి. ఎక్కడ కిటికీ వైపు చూశారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ పేరా కొట్టేయాల్సిందే, మీకు ఎంత ముద్దొచ్చినా సరే. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల ఆలోచనలకు ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కోసం ప్రాజెక్టు చేసినవాళ్లు ఆ గదిలో ఉంటే మరీ మంచిది, వాళ్లు మొహమాటపడరు.

నేను వరద రాత్రి చదువుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తాడు. "సార్, అంత వానలో బ్యాటరీ తడవదా?"

ఇంటికొచ్చి పదకొండో అధ్యాయం మళ్లీ రాశాను. ఇప్పుడు అందులో ఇమ్రాన్ వాళ్ల నానమ్మ సేమ్యా దాచుకున్న స్టీలు డబ్బా కోసం వంటిల్లంతా వెతుకుతుంటుంది. డబ్బా వాగు గట్టున పైపు నెత్తిన బోర్లించి ఉంది, సేమ్యా ఇమ్రాన్ స్కూలు బ్యాగులో ఉంది.